తొట్టి వెనక గట్టు మీద కాసిన కాయలు

ప్రభువులో ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు అభయమ్మ. మా నాన్న ఎంతో ప్రార్థించి పెట్టిన పేరది, కానీ ముందున్న ఆ ‘అ’ ఏ దారిలో రాలిపోయిందో ఏమో, చాలా ఏళ్ళు నేను ఒట్టి భయమ్మగానే బతికాను! గేటు దగ్గర మోటారు సైకిలు ఆగితే చాలు, తింటున్న కంచం వదిలేసి లోపలికి పోయి దాక్కునేదాన్ని, గుండె దడదడలాడేది. డాక్టరు చూసి గుండె బాగుందన్నాడు, బాగున్న గుండె అంత గట్టిగా ఎందుకు కొట్టుకుంటుందో మాత్రం చెప్పలేకపోయాడు.

నా భయమంతా టమోటా నారు గురించే. పెళ్ళికి ముందు కుప్పం దగ్గర ఒక నర్సరీలో కూలికి పోయి ఆ పని నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటాక, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో మా ఇంటి పక్క జాగాలో నీడకు షేడ్‌నెట్ షెడ్డు కట్టి, ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, గుంటకొక విత్తనం వేసి, సొంతంగా నారు పెంచి అమ్మడం మొదలుపెట్టాను. మా ఇంటాయన లారీ మీద పోతే వారానికి గానీ ఇల్లు చేరడు, అంతా నేనే చూసుకోవాలి. గుడ్డలమ్మేవాడి దగ్గర చిరుగుంటే అక్కడే తెలిసిపోతుంది, నారు అట్లా కాదే! పచ్చగా నవ్వుకుంటూ ట్రాక్టరెక్కి పోయిన మొక్క మంచిదో కాదో, రైతు దున్ని, ఎరువేసి, కట్టెలు పాతి, రెండు నెలలు కాపు కాసిన తర్వాత గానీ తెలియదు. ఒకరి రెండు నెలలు తీరేలోగా ఇంకొకరివి మొదలయ్యేవి, నారు పెరిగేకొద్దీ నాకు నోరు పెగిలేది కాదు.

అట్లాంటి రోజుల్లో మా పాస్టరమ్మ గారు ప్రార్థన చేయడానికి వచ్చి, ఏ ట్రేలో ఏ విత్తనం ఉందమ్మా అని ఊరికే అడిగారు. నేను ఒక ట్రే చూపించి, కాదు కాదు అని ఇంకొకటి చూపించాను.

“ఎవరికి ఏది ఇచ్చినావో యాడన్నా రాసుకుంటాండావా?”

“లేదమ్మగారూ, అంతా దేవుడికి తెలుసు.”

“ఆయనకి తెలుసులేమ్మా. రైతు వచ్చి అడిగేది నిన్ను గదా!”

నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వారం నుంచే విత్తిన రోజు, ప్యాకెట్టు మీది లాట్ నంబరు, నారు తీసుకున్న రైతు పేరు, ఊరు, అన్నీ రాయసాగాను. కుప్పంలో మా మేస్త్రి చేసే పద్ధతి కూడా గుర్తొచ్చి, ఏ రైతుకు నారు ఇచ్చినా అందులో మిగిలిన నాలుగు మొక్కలను నీళ్ళ తొట్టి వెనక గట్టు మీద నాటి, పక్కన పుల్ల గుచ్చి, ఖాళీ ప్యాకెట్టు దానికే కట్టేదాన్ని. రైతు పొలంలో ఏం కాస్తుందో అది మా గట్టు మీదా కాస్తుంది. వాటిని సాక్షి మొక్కలనేవాళ్ళం. అయితే నవ్వకండి సహోదరులారా, నాటానే గానీ ఆ గట్టుకేసి చూడాలంటే నాకు భయం! ఇవతల నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని, పైపుతో నీళ్ళు పట్టి వచ్చేసేదాన్ని.

ఒక వేసవి పొద్దున పెద్దతిప్పసముద్రం రైతు వెంకట్రమణప్ప ట్రాక్టరు దిగి, తువ్వాలు మూట విప్పి, అందులోని టమోటాలన్నీ మా వాకిట్లో దొర్లించాడు. గుండ్రంగా, గట్టిగా రావలసిన కాయలు సొట్టలు పోయి, మెత్తగా ఉన్నాయి.

“సూడమ్మా, బాగా సూడు! మండీలో వీటికి వేలం పాట పాడేవాడే లేడు. మంచి నారంతా పెద్ద రైతులకిచ్చి, నాకు నాటు నారు అంటగట్టినావు.”

“లేదప్పా, అదీ...”

“యాల నసుగుతావు? ఈపొద్దే మండీలో నిలబడి అందరికీ చెప్తా. రేపట్నుంచి నీ గేటు తొక్కేవాడు ఉండడు, సూస్తాండు!”

అంతే, నా పని అయిపోయిందనుకున్నాను. లోపలికి పోయి మోకరించి, “తండ్రీ, ఆ గట్టు మీద మంచి కాయలు కాసి ఉండేటట్టు చెయ్యి, తప్పు ఆయన నేలదే అని చూపించి నన్ను కాపాడు!” అని ఏడ్చి, పుస్తకం తీసుకుని, ఆయన్ను తొట్టి వెనక్కి పిలుచుకుపోయాను. కాపుకొచ్చిన మిగతా వరుసలన్నిటికీ గుండ్రటి కాయలు వేలాడుతున్నాయి. ఆయన వరుసకు మాత్రం అవే సొట్ట కాయలు! నా ప్రార్థన నేల మీద పడి పగిలిపోయినట్టైంది.

వెంకట్రమణప్ప మాత్రం గొంతుక్కూర్చుని, పుల్లకు కట్టిన ప్యాకెట్టు తను అడిగిన రకందేనని చూసి, ఒక కాయ తెంపి తిప్పి చూశాడు.

“నీకూ ఇవే కాసినాయా?”

“నీ నారులో మిగిలినవే అప్పా ఇవి.”

“అట్లయితే నువ్వు మార్చలేదు. విత్తనంలోనే ఉండాది మోసం.” ఆయన గొంతు దిగింది.

నాకు మాత్రం అసలు భయం అప్పుడే మొదలైంది. ఎందుకంటే అదే లాట్ విత్తనంతో పెంచిన నారు షెడ్డులో తయారుగా ఉంది, మరునాడు సదుం రైతులకు పోవాలి. పుస్తకం తిప్పితే, అంతకుముందు వారమే రామసముద్రం రైతు ఒకాయన కూడా అందులోదే తీసుకుపోయినట్టు నా చేతి రాతే చెబుతోంది. నోరు మూసుకుంటే రెండు నెలల దాకా ఎవరికీ తెలియదు! ఆ తలంపు ఎంత తియ్యగా వచ్చిందో ఏం చెప్పను. అక్కడే తొట్టి పట్టుకుని, “ప్రభువా, నన్ను కాపాడమన్నాను, నువ్వు నిజం చూపించావు. చెప్పే నోరు కూడా నువ్వే ఇయ్యి” అని అడిగి, వెంకట్రమణప్పకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“ఎక్కమ్మా ట్రాక్టరు,” అన్నాడాయన. “ఫోన్లు యాడుండాయి వాళ్ళకి? మనమే పోదాం. నాకైనట్టు ఇంకొకరికి కాకూడదు.”

బండి చప్పుడుకే వణికే నేను ఆ పొద్దు బండి మీదే కూర్చుని ఊర్లు తిరిగాను! సదుం వాళ్ళు ముఖం మాడ్చుకుని, వేరే నారు వచ్చేదాకా ఆగుతామన్నారు. రామసముద్రం ఆయన అప్పటికే నాటేశాడు. చెప్పినంతసేపూ విని, ఆ తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాడు, తిట్టి తిట్టి అలిసిపోయి, “సరేలేమ్మా, పీకేస్తా. మంచి నారు ఎప్పుడిస్తావో అది చెప్పు” అన్నాడు. సహోదరులారా, ఆ మాట విని నేను వాళ్ళ చేని గట్టునే కూర్చుని స్తోత్రం, స్తోత్రం అని ఏడ్చాను. ఇంకా నన్నే నారు అడుగుతున్నాడే!

విత్తనాలమ్మిన అంగడివాళ్ళు ప్యాకెట్టూ, గట్టు మీది కాయలూ చూసి వేరే విత్తనం ఇచ్చారు. షెడ్డులోని నారంతా నా చేతులతోనే పీకి పారేశాను. వెంకట్రమణప్ప పంట తిరిగి రాలేదు, దానికి ఇప్పటికీ నా మనసు కుములుతూనే ఉంటుంది. భయం కూడా పూర్తిగా పోయిందని గొప్పలు చెప్పను, అప్పుడప్పుడూ చుట్టంలా వస్తుంది, కానీ ఇంటి యజమాని తను కాదని దానికి తెలిసిపోయింది. ఇప్పుడు పొద్దున లేచి ప్రార్థన చేసుకుని, మొదట ఆ గట్టు దగ్గరికే పోతాను.

మీలోనూ ఎవరైనా చూడడానికి భయపడి ముఖం తిప్పుకుంటున్నది ఏదైనా ఉంటే, అది వ్యాపారమే కానీ, ఒంట్లో రోగమే కానీ, యేసయ్య చెయ్యి పట్టుకుని పోయి ఒకసారి చూడండి. అక్కడ మీరు కోరుకున్నదే ఉంటుందని నేను చెప్పలేను. ఆయన మాత్రం మీకంటే ముందే పోయి అక్కడ నిలబడి ఉంటాడు. దేవునికే మహిమ!