ఇనుప జాలీకి సైకిల్ ట్యూబు

బడిపంతులమ్మ ఉద్యోగం విరమించి మూడు నెలలైనా నా కాళ్ళకు నిలకడ రాలేదు. జగిత్యాలలో మా డాబా మీద ఈ పొద్దున, కుండీల మట్టి జల్లించడానికి ఇనుప జాలీ కత్తిరించి జల్లెడ చేయబోతే, తెగిన తీగ మొన బొటనవేలిలో దిగింది. రక్తం కడుక్కుంటుంటే సిరిసిల్లలో మా అమ్మ అరచెయ్యి గుర్తొచ్చి, పని అక్కడే వదిలేసి పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాను.

మా నాయన మరమగ్గాల మీద పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. పెరట్లో వేసిన కొత్తిమీరను కోళ్ళు కెలుకుతున్నాయని నాయన పాత కిటికీ చెక్కలకు జాలీ కొట్టి, మడి మీదికి మూత ఒకటి చేశాడు. దాని అంచుల నిండా తీగలు ముళ్ళలా లేచి ఉండేవి. ఇయ్యాల వంచుతా, రేపు వంచుతా అంటుండగానే ఒకనాడు అమ్మ మూత ఎత్తబోయి అరచెయ్యి చీల్చుకుంది. ఆ కట్టు చేత్తో దారం పట్టరాదు. పట్టినా తెల్ల నూలుకు నెత్తురు మరక. వారం రోజులు రాట్నం మూలకు పడింది.

అమ్మ ఒక్క మాటా అనలేదు. నాయనకు అదే భరించరానిదైంది. తింటూ తింటూ లేచి పెరట్లోకి పోయి ఆ మూతను చూసొచ్చేవాడు. పాత చీర పేలికలు చుట్టాడు. తీగలు గుడ్డలోంచి మళ్ళీ పొడుచుకొచ్చాయి. పగిలిన నీళ్ళ పైపు చీల్చి తొడిగాడు. ఎండకు బిగుసుకుని ఊడిపోయింది. చివరికి సెలవునాడు కోరుట్లలో మా మేనత్త ఇంటికి పోయి, మామ సైకిల్ రిపేరు దుకాణంలో పారేసిన ట్యూబులన్నీ మెడలో దండల్లా వేసుకుని బస్సు దిగాడు. ఆ వాలకం చూసి అమ్మకు నవ్వాగలేదు.

మొనలన్నీ సుత్తితో లోపలికి వంచి, ట్యూబును నిలువునా కోసి అంచులకు తొడిగి, గోనెసూదిలో మగ్గం దారం ఎక్కించి కుట్టాడు. ఆనక తన అరచేతిని ఆ అంచుల మీద నాలుగు వైపులా ఒత్తి తిప్పాడు. తృప్తి లేక మళ్ళీ తిప్పాడు.

"ఇగ పట్టుకో. గుచ్చుకుంటే నన్నడుగు" అన్నాడు.

"గింత దానికి కోరుట్ల దాకా పోయినవా?" అన్నది అమ్మ, మూత ఎత్తుతూ.

చేతి మీద మచ్చ మాత్రం మిగిలింది. అది కంటపడ్డప్పుడల్లా నాయన తల తిప్పుకునేవాడు, చివరిదాకా.

మన ఈడు వాళ్ళకు తెలుసు, మన ఇళ్ళల్లో తప్పైందని నోటితో చెప్పుకోవడం ఉండేది కాదు. చెయ్యడానికి ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడు అన్నీ నున్నగా తయారై ఇంటికొస్తున్నాయి, ఆ పనులు పోయాయి. మాటలు మాత్రం మనకు ఇంకా రాలేదు.