భయం మరిచిన నక్క

దీపం పిన్నికి ఆ పేరు ఉద్యోగం పెట్టింది. కోడిగుడ్లను పొదిగించే కేంద్రంలో, చీకటి గదిలో కూర్చుని, ఒక్కో గుడ్డునూ దీపం ముందు పట్టి లోపల ప్రాణం ఉందో లేదో చెప్పడం ఆమె పని. ఎర్రటి నరాలు కనిపిస్తే బతికున్న గుడ్డు. తేటగా వెలిగితే ఒట్టి గుడ్డు. ఒట్టివి పనివాళ్లు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. గుడ్ల దగ్గర అంత నిబ్బరంగా ఉండే మనిషి, గేటు దాటిందంటే తన నీడను చూసి తనే ఉలిక్కిపడే రకం. భయపడడానికి ఆమెకు కారణం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు.

ఇంటికి దారి ఒక బీడు పక్క నుంచి పోతుంది. మురుగుకాలవ పనికని ఎప్పుడో తెచ్చి పడేసిన పెద్ద సిమెంటు గొట్టాలు అక్కడ తుప్పల్లో కూరుకుపోయి ఉన్నాయి. వాటిలో గుంటనక్కలు కాపురం పెట్టాయి. సాయంత్రం పని దిగి వస్తుంటే పొదల మధ్య నుంచి కళ్లు ఆమెతోపాటే నడిచేవి. ఆమె ఆగితే అవీ ఆగేవి. నక్క మనిషి జోలికి రాదు, దానికే మనమంటే హడల్ అని అందరూ చెప్పారు. చెప్పడానికేం, ఆ దారిన నడిచేది వాళ్లు కాదు కదా. చివరికి పిన్నే ఒక ఉపాయం కనిపెట్టింది. ఖాళీ టిఫిను డబ్బా మీద చెంచాతో టకటకా వాయించుకుంటూ నడిస్తే నక్కలు బెదిరిపోతాయని. అది చాలదని, ఒట్టి గుడ్డొకటి దూరంగా విసిరేది. అవి అటు పరుగెడితే తను ఇటు పరుగెత్తొచ్చు.

రెండు ఉపాయాలూ దేనికది మంచిదే. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ మహాతల్లి ఆలోచించలేదు. కొన్నాళ్లకే నక్కలకు చెంచా చప్పుడు భోజనానికి పిలుపైంది. టక్కుమనగానే పొదల్లోంచి వచ్చి, దారి పక్కన బుద్ధిగా కూర్చునేవి. అందులో ఒక ఆడనక్కకు ఎడమ చెవి చీలి ఉండేది. అది గుడ్డును పెంకు చిట్లకుండా నోట కరుచుకుని, ముందుకాళ్లతో గొయ్యి తవ్వి పూడ్చి, ముక్కుతో మట్టి సర్దేది. తర్వాత ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసేది. పిల్లల్ని పెట్టినప్పుడు వాటిని గొట్టం నోటి దగ్గర వరసగా నిలబెట్టి, పిన్నిని దూరం నుంచి చూపించింది కూడా. ఆ రోజు పిన్ని ఇంటికి నవ్వుకుంటూ వెళ్లింది. భయంతో మొదలైన గుడ్డు ఎప్పుడు ముద్దులోకి దిగిందో ఆమెకే తెలియదు.

ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్లిద్దరే. పిన్ని భర్త పోయాక అక్క దగ్గరికే చేరింది. అక్క ఒకప్పుడు పేరున్న దర్జీ. ఇప్పుడు కళ్లకు పొరలొచ్చి, వెలుగూ నీడా తప్ప ఇంకేం ఆనడం లేదు. కళ్లు పోయినా నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. నువ్వు దానికి పళ్లెం పెట్టి మర్యాద చేస్తున్నావు. ఇంకేం, మేడ కట్టేస్తాం!" అనేది.

వేళాకోళమే గాని, చీలిన చెవి నక్క పిన్ని వెంట పెరటి మెట్టుదాకా రావడం మొదలుపెట్టాక అక్కకూ అది కాలక్షేపమైంది. మెట్టు మీద కూర్చుని చెంచాతో డబ్బా కొట్టేది. చేతిలో గుడ్డు పట్టుకుని చెయ్యి చాపేది. నక్క వచ్చి వేలికి పన్ను తగలకుండా అందుకునేది. "మొగుడికన్నా మర్యాదస్తురాలే ఇది," అని మెచ్చుకునేది అక్క.

ఒక రోజు అక్క చేతికి గుడ్డ చుట్టి ఉంది. కత్తి గీసుకుందంది. కళ్లు కనపడని మనిషికి కత్తి గీసుకోవడం వింతేం కాదు కాబట్టి పిన్ని ఊరుకుంది.

కొన్ని రోజులు పోయాక, పొదుగు కేంద్రంలో పిల్లల పెట్టెలు మోసే వ్యాను డ్రైవరు మధ్యాహ్నం టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా చెప్పాడు.

"మొన్నామధ్య పట్టపగలు ఓ నక్క దాణా షెడ్డులోకి నడుచుకుంటూ వచ్చింది పిన్నీ. తూలిపోతోంది. నోటెంట చొంగ. వ్యాను టైరు పట్టుకుని కొరికింది. ఆ సాయంత్రానికే చచ్చిపడింది."

పిన్ని గ్లాసు కింద పెట్టేసింది. "దాని చెవి చీలి ఉందా బాబూ?"

"లేదు, చెవులు రెండూ బాగానే ఉన్నాయి. మనిషిని చూసి పారిపోని నక్కంటే రెండే రకాలు పిన్నీ. ఎవరన్నా తిండి అలవాటు చేసుండాలి, లేకపోతే పిచ్చెక్కుండాలి."

అతను మామూలుగా అన్నాడు. పిన్నికి అక్క చేతికి చుట్టిన గుడ్డ గుర్తొచ్చి పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పకుండా గేటు దాటేసింది. దారిలో ఆమెకు నక్కల భయం గుర్తే రాలేదు.

"అక్కా, ఆ చెయ్యి చూపించు."

"మానిపోయింది లేవే."

"కత్తేనా?"

అక్క చెయ్యి కొంగులో దాచుకుంది. "కోప్పడకు. మన నక్కే. పగటిపూట వచ్చి మెట్టు దగ్గర కూర్చుంది. గుడ్డు ఇవ్వబోతే పొరపాటున పన్ను తగిలింది. ఆకలి మీదుందేమో. చెబితే నువ్వు దాన్ని రానివ్వవని..."

"డబ్బా కొట్టావా?"

"లేదు. అదే వచ్చింది. చెవి తడమలేదు గాని, గడ్డం కింద నిమిరాను, తడితడిగా ఉంది. ఎక్కడో నీళ్లు తాగి వచ్చిందనుకున్నా."

పిన్ని అక్కను లేవదీసి, చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ మానిన గాయం చూసి, ఎప్పుడు కరిచిందో విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? సరే, ఇప్పటికైనా వచ్చారు. సూదులు వేద్దాం. ఒక్కటీ మానకూడదు. తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' అన్న మాట పిన్ని చెవిలో ఇల్లు కట్టుకుంది. ఏం చూడాలని అడిగింది. పిచ్చి సోకితే నీళ్లంటే భయపడతారు, గాలి తగిలినా అదిరిపడతారు అని డాక్టరమ్మ చెప్పింది. అది బయటపడడానికి నెలలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు కూడా అంది. బయట నేల తుడిచే ఆవిడ ఇంకో ముక్క చెవిలో వేసింది. "ముదిరితే అయినవాళ్లనే కరుస్తారటమ్మా. రాత్రి కాస్త విడిగా పడుకో." ఇలాంటివి చెప్పడానికి లోకంలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఖాళీగా ఉంటారు.

పిచ్చినక్క కబురు పేట అంతా పాకింది. మర్నాడే జనం కర్రలు పట్టుకుని బీడులోకి దిగారు. గొట్టాల నోట ఎండుకంప కూరి నిప్పు పెట్టారు. నక్కలు పొగలోంచి తలోదిక్కూ పారిపోయాయి. చీలిన చెవిది మాత్రం పారిపోలేదు. కర్రలు పట్టుకున్నవాళ్ల ఎదుట దారి పక్కన కూర్చుని, ఒక్కొక్కరి చేతివైపే చూసింది. "చూడండ్రా, కదలట్లేదు! ఇదీ పిచ్చిదే!" అని ఎవరో అరిచారు. కర్రలన్నీ దాని మీద పడ్డాయి. పిన్ని దారి చివర నిలబడి అంతా చూసింది. అది పిచ్చిది కాదని, నేనే దాన్నలా చేశానని అరవాలనుకుంది. అరవలేదు. అరిచినా, ఆ నక్కకు ఒంట్లో బాగుందో లేదో ఆ క్షణాన తనకైనా ఏం తెలుసు? పిచ్చిదేదో మంచిదేదో చెప్పే ఒక్క ఆనవాలు, మనిషంటే భయం, దాన్ని తనే గుడ్లు వేసి చెరిపేసింది.

సూదులన్నీ అయ్యాయి. భయం మాత్రం అవలేదు. అక్క నీళ్ల గ్లాసు ఎత్తితే పిన్ని పని ఆపి గొంతువైపు చూసేది. ఫ్యాను వేసి మొహం గమనించేది. ఓసారి అక్కకు పొలమారి నీళ్లు ఒలికితే పిన్ని గోడకు అతుక్కుపోయింది. అక్కకు చూపు లేకపోయినా ఆ చూడడం తెలుస్తూనే ఉండేది. అందుకని పొద్దున్నే గ్లాసెత్తి, చప్పుడు వినపడేలా గటగటా తాగి, "రాసుకోవే, ఇవాళ్టికీ మనిషినే," అనేది. పిన్ని నవ్వేది. నవ్వి, ఆ రాత్రి పడుకునే ముందు, ఇద్దరి గదుల మధ్య ఏనాడూ మూయని తలుపు మూసి, నెమ్మదిగా గడియ పెట్టుకునేది. పాతబడ్డ గడియ, బిగుసుకుపోయేది. ఊపిరి బిగపట్టి లాగేది. తెల్లవారకముందే లేచి తీసేసేది. అక్కకు తెలియదనుకుంది.

ఒక ఉదయం అక్క నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. ఆ రోజు వేళాకోళం ఆడలేదు.

"ఏమే, ఆ గడియ బాగా బిగుసుకుపోయినట్టుంది. పాపం, రోజూ మూడు నాలుగుసార్లు లాగుతున్నావు. వంటింట్లో నూనె ఉందిగా, కాస్త రాయి."

పిన్నికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "అక్కా, నేను... అది..."

"ఏడవకు. నేనైనా అదే చేసేదాన్ని. కాకపోతే రెండు గడియలు పెట్టేదాన్ని."

పిన్ని ఏడ్చింది. అక్క చెయ్యి పట్టుకుని, ఆ మానిన గాటు మీద మొహం ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది. ఇక ఆ తలుపు జన్మలో మూయనంది. అన్నప్పుడు నిజంగానే అంది. పని నుంచి వచ్చి, వంట చేసి, ఇద్దరూ తిన్నాక మళ్లీ చీకటి పడింది. సిగ్గుకన్నా భయం పెద్దది. పిన్ని వంటింట్లోంచి నూనె తెచ్చి గడియకు రాసింది. ఈసారి చప్పుడు కాకుండా పడింది.

తలుపు అవతల నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది. ఇక పడుకో."