మా వదిన వేలిముద్రలు

మా వదిన చేతులు ఊరుకోవు. మాట్లాడుతూనే ఎదుటివాళ్ల కాలరు సరిచేస్తుంది. ఒకసారి ఇంటి ఓనరు చొక్కా మీద మరక కనబడితే, గుమ్మంలోనే ఆయన చేత చొక్కా విప్పించింది. మా అన్న పోయాక లాండ్రీ మేమిద్దరమే చూసుకుంటున్నాం. నేను కౌంటరులో కూర్చుని కస్టమర్లతో పోట్లాడతాను. ఆవిడ వెనకగదిలో మరకలు వదిలిస్తుంది, ఇస్త్రీ చేస్తుంది.

ఈ దేశపు పౌరసత్వానికి ఆవిడ దరఖాస్తు పెట్టింది కూతురి కోసం. ప్రతిదానికీ రూలు చెబుతుందని ఆ పిల్లను మేం లాయరు అంటాం. లాయరుకేమో నర్సు కావాలని ఆశ. ఇక్కడ సర్కారు నర్సింగ్ కాలేజీలో సీటు పౌరులకే ఇస్తారు. తల్లి దరఖాస్తులోనే కూతురి పేరు కూడా చేర్చారు. పిల్లకు పద్దెనిమిది నిండేలోపు తల్లికి మంజూరైతే కూతురికీ అయినట్టే. నిండిందా, పిల్ల వేరే దరఖాస్తు పెట్టుకుని వరస చివర నిలబడాలి.

ఏడాదిలో తేలిపోతుందన్నారు. రెండో ఏడు కూడా సగం గడిచింది. ఎప్పుడు ఫోన్ చేసినా పరిశీలనలో ఉందనే జవాబు. అంతంతసేపు పరిశీలించడానికి మా బతుకుల్లో ఏముందో నాకైతే తెలీదు. చివరికి వేలిముద్రలు ఇవ్వడానికి రమ్మని కబురొచ్చింది.

మురికి చేతులతో ఆఫీసుకు వెళ్తే పరువు పోతుందనుకుంది మా వదిన. బయల్దేరే ముందు మరకల మందులో వేళ్లు ముంచి, కాలర్లు తోమే బ్రష్షుతో రుద్దుకుంది. ఇంకెవరైనా సబ్బుతో కడుక్కుని పోతారు. మాది లాండ్రీ కదా! అసలే బ్లీచింగు నీళ్లకు అరిగిపోయిన వేళ్లు, గోరుచుట్టు మీద రోకలిపోటు. అక్కడి గాజు పలక మీద ఎన్నిసార్లు ఆనించినా మిషనుకు ఒక్క గీతా అందలేదు. ఆఫీసు అమ్మాయి మంచిదే, పాపం. చేతులకు కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే గీతలు మళ్లీ తేలతాయని చెప్పి ఇంకో తేదీ ఇచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. దారి పొడుగునా తిట్టాను. ఆవిడ మాత్రం వేళ్ల కేసి చూసుకుంటూ కూర్చుంది.

ఆవిణ్ని కౌంటరులో కూర్చోబెట్టి, చేతులకు నూనె రాసి, గిన్నె కూడా కడగనివ్వలేదు. నేను మరకల పని ఎత్తుకుని ఒకాయన కోటును ఎందుకూ పనికిరాకుండా చేశాను. లాయరు బడి నుంచి రాగానే ఇస్త్రీకి నిలబడేది. ఆ వంకర మడతలు చూసి వదిన ప్రాణం కొట్టుకునేది, అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

రెండోసారి ముద్రలు పడ్డాయి. హమ్మయ్య అనుకున్నాం. తీరా చూస్తే ఫైలు మళ్లీ వరసలోకి వెళ్లిందట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా. లాయరు పద్దెనిమిదో పుట్టినరోజు రానే వచ్చింది. మిఠాయి తెచ్చాం గానీ డబ్బా విప్పలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఉత్తరం వచ్చింది. అందులో మా వదిన పేరొక్కటే ఉంది.

షాపు మూయలేక పిల్లను అక్కడే ఉంచి మేమిద్దరం పౌరసత్వ ప్రమాణానికి వెళ్లాం. వదిన ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని పక్క కుర్చీలో ఆవిడ చేయి పట్టుకుని అభినందించింది. నాకూ దుఃఖం ఆగలేదు.

తిరిగొచ్చేసరికి లాయరు వెనకగదిలో ఇస్త్రీ చేస్తోంది. తల్లి మొహం చూసి, తన దరఖాస్తు తను పెట్టుకుంటానని, బాధపడొద్దని చెప్పింది.

వదిన దాని చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసుకుంది. "నా వేళ్లతో ఇక ఎవరికీ పనిలేదు. నీ ముద్రలు పడేదాకా ఈ గదిలో అడుగు పెట్టకు."

"ఎన్నాళ్లు పడుతుందో ఏమో అమ్మా."

"ఎన్నాళ్లయినా సరే."

కూతుర్ని కౌంటరుకు పంపేసి, ఆ పిల్ల వంకరగా మడిచిన చొక్కాలన్నీ విప్పి, మా వదిన మళ్లీ మొదటి నుంచి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.