తెల్ల కలువలూ, పనసపాలూ

ఆయ్, అందరికీ నమస్కారమండీ. వాయిస్ కాస్త పొడుగవుద్ది, టీ పెట్టుకుని వినండి. నిన్న సుజాత గ్రూపులో పెట్టిన పువ్వుల బొమ్మ చూసేక ఆగలేకపోతున్నాను. ఏదో రబ్బరు ద్రవం రాసి, పైన రంగేసి, ఆరేక ఆ రబ్బరు లాగేస్తే కింద తెల్లగా పువ్వు వస్తుందంట. సుజాతా, ఆ విద్య నాకెప్పుడో తెలుసమ్మా! ఎనభైల్లోనే, నిండు సభలో, మా నాన్నగారి పరువుని నా చేత్తో నీలం సిరాలో ముంచినదాన్ని.

మాది మామిడికుదురు దగ్గర కదా. నాన్నగారు హైస్కూల్లో సోషల్ మేష్టారు. నాకప్పుడు పద్దెనిమిది, ఇంటరు పరీక్షలు రాసేసి ఇంట్లో ఖాళీ. ఆ వేసంగిలో వాళ్ళ హెడ్మాష్టారి గారి రిటైర్మెంటొచ్చింది. ఏం బహుమతి ఇద్దామని స్టాఫ్ రూములో మాటొస్తే, లెక్కల మేష్టారు "గోడగడియారం ఇచ్చేద్దామండీ, గొడవుండదు" అన్నారంట. మా నాన్నగారు ఊరుకుంటేగా!

"గడియారం ఎవరైనా ఇస్తారండీ. మా అమ్మాయి చేత బొమ్మ వేయించి ఇద్దాం."

"అలాగే కానివ్వండి యోహాను గారూ. తేడా వస్తే మాత్రం మీదే పూచీ, ఆయ్."

నాన్నగారు ఇంటికొచ్చి, "ఎస్తేరమ్మా, నా తల తీసుకెళ్ళి నీ చేతిలో పెట్టేనమ్మా" అన్నారు.

నాకొచ్చిన విద్య ఒక్కటే. స్కూల్లో డ్రాయింగు మేష్టారు నేర్పేరు. కొవ్వొత్తితో కాయితం మీద పువ్వు గీసి, పైన నీళ్ళరంగు పుయ్యాలి. మైనం ఉన్నచోట రంగు పట్టదు, పువ్వు తెల్లగా మిగిలిపోద్ది. ఎంత బాగుంటదో! కానీ కొవ్వొత్తి మొద్దు కదండీ. కలువరేకు గీస్తే అరటిదొప్పలా వస్తోంది. రెండు కాయితాలు తగలేసేను.

సభ రేపనగా, మొహం వేలాడేసుకుని పెరట్లోకి వెళ్తే, మా నానమ్మ పనసపొట్టు కొడుతోంది. కత్తి పడినచోటల్లా పాలు కారుతున్నాయి. చేతులకి కొబ్బరినూనె దట్టించుకుని, "దగ్గరికి రాకే, ఈ పాలంటుకున్నాయంటే నీళ్ళతో చచ్చినా పోవు" అంది.

నీళ్ళతో పోవు! అంటే నీళ్ళని ఆపుతాయి! నాకు ఒళ్ళు ఝల్లుమందండీ. గబగబా కొబ్బరిచిప్పలో పాలు పట్టేను. ఈనెపుల్ల చివర నమిలి కుంచెలా చేసేను.

"ఏవే, కూరకి కాయ కొడుతుంటే బొమ్మకి పాలు పితుకుతావా?" అంది నానమ్మ.

"ఇది ఆర్టు నానమ్మా, నీకు తెలీదు."

ఉండండి, కుక్కరు కూత పెడుతోంది... ఆ, కట్టేసేను. ఎక్కడున్నాను? ఆఁ, పనసపాలు. దాంతో మూడు కలువలు, ఒక మొగ్గ వేసేను. మర్నాడు పొద్దున్నే నాన్నగారి పెన్ను సిరా నీళ్ళలో కలిపి కాయితమంతా పారించేను. అడుగున ఆకుపచ్చ రంగు, ఆకుల ఈనెలకి చిక్కటి సిరా. ఏవండీ, ఆ బొమ్మ! మా కాలవ కాయితంలోకి వచ్చేసినట్టుంది. పాలున్నచోట సిరా చుక్క అంటితే ఒట్టు!

"జిగురు గట్టిపడ్డాక లాగేస్తే అయిపోద్ది నాన్నగారూ" అని చెప్పి స్నానానికి వెళ్ళేను. అక్కడే కొంప మునిగింది.

తడికి కాయితం ముడతలు పడింది కదా. నాన్నగారు, పాపం, సాయం చేద్దామనే, పైన న్యూస్ పేపరు కప్పి, పరుపు కింద పెట్టి, ఆ పరుపు మీద పడుకున్నారు. భోజనాల వేళ దాకా కమ్మగా నిద్రపోయేరు.

లేచేక తీసి చూద్దుం కదా, ముడత ఒక్కటి లేదు! పేపరు కూడా లేచి రావట్లేదు. పనసపాలు ఆరేక గట్టిపడవనీ, జన్మంతా బంకగానే ఉంటాయనీ ఆ పూట తెలిసింది నాకు. లాగితే కింద కాయితం చిరిగేలా ఉంది. నానమ్మొచ్చి, "నూనె రాయవే, వదిలేస్తది" అంది. మొగ్గ అంచున కాస్త రాసేను. అర్ధరూపాయి బిళ్ళంత మరక, చూస్తుండగానే అరచేయంతయ్యింది! నూనె గిన్నె అవతల పెట్టేసేను.

సభేమో నాలుగింటికి. అప్పటికే రెండు దాటింది. నాన్నగారు గుమ్మంలో నిలబడి, "ఎస్తేరమ్మా, ఇప్పుడే వెళ్ళి, గడియారమే కొనేద్దామని వాళ్ళకి చెప్పెయ్యనా?" అన్నారు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

ఇంక తెగించేను. ఆయన గడ్డం బ్లేడు తీసుకుని, ఒక్కొక్క పువ్వు చుట్టూ పేపరు కోసేసి, మిగిలింది పారేసేను. పువ్వుల మీద అంటుకున్న పేపరు అలాగే ఉంచి, రంగులపెట్టెలోని తెల్లరంగు ట్యూబంతా పిండి పైన పూసేసేను. ఆ పేపర్లో ఏం అచ్చయ్యిందో చదివే తీరికెవరికండీ! తడిమీద మీగడలా మెరిసిపోతున్నాయి కలువలు. నాన్నగారు కళ్ళు తుడుచుకుని, "దేవుడు గొప్పవాడమ్మా" అని, బొమ్మని రెండు చేతుల మీదా పట్టుకుని స్కూలుకి నడిచేరు.

బొమ్మని వేదిక మీద టేబులు పైన, జనానికి కనపడేలా నిలబెట్టేరు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఉపన్యాసాలు మొదలయ్యేయి. పైన ఫ్యాను తిరుగుతోంది. తెల్లరంగు ఆరుతోంది.

నీళ్ళరంగుల్లో తెలుపు తడిమీద చిక్కగా ఉంటదండీ, ఆరేక పల్చనైపోద్ది. తెలుగు మేష్టారు మాట్లాడుతుండగా పెద్ద కలువలో ఒక "మూ" తేలింది. డ్రిల్లు మేష్టారి వంతొచ్చేసరికి మాటంతా వచ్చేసింది: "మూలశంకకు". రెండో పువ్వులో "ఆపరేషన్ లేకుండా". మూడోదాంట్లో "నయం చేయబడును". మొగ్గలో ఎవరిదో సగం మీసం! నాన్నగారేమో వేదిక మీద బొమ్మకి వెనకాల కూర్చుని, నావేపు చూసి గర్వంగా తలాడిస్తున్నారు.

వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. లెక్కల మేష్టారు వంగి చూసి, "యోహాను గారూ, అమ్మాయి పువ్వులకి అక్షరాభ్యాసం కూడా చేయించిందండీ" అన్నారు. నాన్నగారు లేచొచ్చి చూసేరు. మనిషి నిలబడ్డచోటే చిన్నగా అయిపోయేరు.

అంతలో నన్ను పైకి పిలిచేరు. వెళ్ళి బొమ్మ అందించేను. హెడ్మాష్టారు గారు కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో పువ్వూ చదివేరు. మళ్ళీ చదివేరు.

"చాలా బాగుందమ్మా! ఇన్నేళ్ళ సర్వీసులో నా గురించి ఇంత ఆలోచించినవాళ్ళు లేరు" అని గట్టిగా అని, ఆయనే చప్పట్లు కొట్టేరు. దాంతో అందరూ కొట్టేరు. లెక్కల మేష్టారు కూడా కొట్టక తప్పలేదు. నాన్నగారికి ఊపిరొచ్చింది.

తర్వాత హెడ్మాష్టారు గారు నా చెవి దగ్గరికి వంగి, మెల్లిగా అడిగేరు. "ఏమ్మా, నాకీ బాధ ఉందని మీ నాన్న చెప్పేడా?"

"లేదండీ! ఒట్టండీ!"

"సర్లే. మరి ఆ డాక్టరు ఏ ఊళ్ళో ఉంటాడో చెప్పే పువ్వు వెయ్యలేదేమమ్మా?"

ఆ సాయంత్రం నేనూ నాన్నగారూ పెరట్లో చెత్త తిరగేసి, బ్లేడుతో కోసి పారేసిన ఆ అడ్రసు ముక్క వెతికి పట్టుకెళ్ళి ఇచ్చేం. బొమ్మ వాళ్ళింట్లో ఏ గోడ మీదా నేను చూళ్ళేదు గానీ, ఆ ముక్క మాత్రం చాన్నాళ్ళు ఆయన జేబులోనే ఉండేదంట. అదమ్మా సుజాతా నా ఆర్టు. నా జన్మకి ఒకరు మెచ్చి దాచుకున్నది, నేను పనికిరాదని పారేసిన ముక్కే!