షాంపూ పుట్టుక, నా తల గతి

ఇదొక మహాసామ్రాజ్యం కూలిన గాథ. రుమాలు దగ్గర పెట్టుకోండి. నిజానికి సామ్రాజ్యం కాదు, నా తలకాయ. అదీ కూలలేదు, కారింది.

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ ఇంటర్వ్యూకు తయారయ్యే ప్రతివాడికీ ఒక అభిరుచి ఉండి తీరాలి. లేకపోతే దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వెక్కిరిస్తుంది. అందరూ ‘పుస్తక పఠనం’ అని రాసుకుంటే, నేను ‘ఇంగ్లిష్ పదాల పుట్టుపూర్వోత్తరాలు’ అని రాశాను. నాకు పుట్టుక తెలిసిన పదాలు మొత్తం ఒకటి. షాంపూ.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి నమూనా ఇంటర్వ్యూ. అందులో మెప్పించిన ఒక్కడికి రిటైర్డ్ కలెక్టరు గారు స్వయంగా శిక్షణ ఇస్తారు. ఆ ఒక్కడూ నేనేనని నాకెందుకో గట్టి నమ్మకం. పన్నెండున్నరకు క్షవరానికి కూర్చున్నాను.

కత్తిరింపు అయ్యాక సెలూన్ భయ్యా అడిగాడు. “షాంపూ కూడా చేసేయనా?”

సాధనకు శ్రోత దొరికాడు! “షాంపూ ఎవరి మాటో తెలుసా భయ్యా?”

“అంగ్రేజీ వాళ్లది.”

“కాదు, మీదే! హిందీలో చాంపో అంటే అదుము, పిసుకు అని. దొరలు ఇక్కడ మర్దన చేయించుకుని ఆ మాట కూడా పట్టుకుపోయారు. సబ్బునురగ తర్వాత వచ్చి చేరింది. అస్లీ షాంపూ అంటే చంపీయే, నూనె పెట్టి తల మర్దించడమే!”

“అచ్ఛా! అయితే మీకు అస్లీదే చేస్తా. ఠీక్ హై?”

నా ఉపన్యాసానికి నేనే మురిసిపోతూ “ఠీక్ హై” అన్నాను. అర సీసా ఆవనూనె నెత్తిన పడింది. అరుద్దామనుకున్నాను. కానీ, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. నిద్రపోయాను.

లేచేసరికి ఒంటిగంటా నలభై అయిదు.

“కడుగు భయ్యా, కడుగు!”

“ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. అయినా చంపీ చేశాక వెంటనే కడుగుతారా ఎవరైనా?”

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. నాకు ఆవనూనె మీద ఢిల్లీ ఎండ. ఇంటర్వ్యూ గదిలోకి వేయించడానికి సిద్ధమైన వంకాయలా వెళ్లాను.

కలెక్టరు గారు నా దరఖాస్తు చూశారు, నా తల చూశారు. “ఏదీ బాబూ, ఒక పదం పుట్టుక చెప్పు.”

“షాంపూ సార్.”

“అది చంపీ నుంచి వచ్చిందని నీ నెత్తే చెబుతోంది. ఇంకోటి?”

“ఇంకోటి... అంటే సార్...”

“పోనీ, పెన్ను?”

జవాబుగా నా నుదుటి నుంచి ఒక చుక్క జారి చొక్కా మీద పడింది.

“ఇది అభిరుచి కాదు నాయనా, ఒక్క వాక్యం. వెళ్లి తలంటుకో.”

శిక్షణ ‘పుస్తక పఠనం’ వాడికి దక్కింది. చేతిలో సీసా ఉన్న మనిషికి ఏ పదం జన్మరహస్యమూ ఇక విప్పనని ఆ మెట్ల మీదే ఘోరప్రతిజ్ఞ చేశాను.

చొక్కా మీద ఆవనూనె మరక చన్నీళ్లకు పోదు. వేడినీళ్లు కావాలి.