కూతురి దొంగతనానికి బేరమాడిన రోజు

మొన్న హుఫూఫ్‌లో మా వీధి చివర కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్‌కు కూరగాయలకని వెళ్తే, గుమ్మం దగ్గర అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ పెద్ద బోర్డు కనిపించింది. పిల్లలు తీసిన వస్తువులకూ, చేసిన నష్టానికీ తల్లిదండ్రులే డబ్బు కట్టాలని దాని సారాంశం. అది చదివి ఒక్కణ్ణే నిలబడి నవ్వుకుంటుంటే కాపలాదారు అనుమానంగా చూశాడు. ఆ బోర్డు చెప్పేది ఇరవై ఏళ్ల కిందటే కట్టి వచ్చినవాణ్ణని అతనికెలా తెలుస్తుంది?

కడప నుంచి ఈ అరబ్బు దేశానికి ఏసీ మెకానిక్‌గా వచ్చిన కొన్నేళ్లకు భార్యనూ కూతురినీ ఇక్కడికి తెచ్చుకోగలిగాను. ఆ రోజుల్లో మా సంపాదనకు షికారంటే శుక్రవారం సాయంత్రం ఖర్జూరాల బజారే. ఈ ఊళ్లో బతికిన మన వయసు వాళ్లకు తెలిసే ఉంటుంది, అక్కడ దుకాణదారు కొనమని అడగడు, ముందు రుచి చూడమంటాడు. పళ్లెం చాచి, చిన్న కప్పులో కాఫీ పోసి, మనం తింటుంటే మన మొహంలోకి ఆశగా చూస్తాడు. ఆ మర్యాదను నేను ఉచిత ఫలహారం కింద మార్చేశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి కొట్లోనూ తిని, తల ఊపి, భేష్ అని మెచ్చుకుని, అతను మరో గిరాకీ వైపు తిరగ్గానే ఒక గుప్పెడు జేబులో వేసుకుని కదిలేవాణ్ణి. తిరుగు దారిలో కారులో ఆ గుప్పెడు కూతురి ఒళ్లో పోస్తే పిల్ల కిలకిలా నవ్వేది, నాకు నేనే మొనగాణ్ణనిపించేది. మా ఆవిడ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది.

కూతురికి పదిహేనో ఏడు. టెన్త్ పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయనగా, ఒకనాడు తల్లితో సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, తల్లి కూరగాయలు తూకం వేయించే లోపల, బాదం పప్పు కూరిన ఖర్జూరాల డబ్బాలు మూడు సంచీలో వేసుకుంది. అందులో ఒకటి అక్కడే తెరిచి తింటూ కెమెరాలో పడింది. తెలుగులో ఏడుస్తున్న మా ఆవిడను చూసి, అక్కడ పనిచేసే కరీంనగర్ మనిషి ఒకతను నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, మా ముదీరు పోలీసులకు చెప్తనంటుండు. పోరి చిన్నది గదా, పైసలు కట్టాల్సింది నువ్వే. సాయంత్రం నమాజు లోపట వచ్చి కడితే, మాట ఈడనే ఆగుతది."

ముదీరంటే మేనేజరు. పోలీసులంటే తండ్రి పేరు మీద కేసు, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యూవల్ కాదు, పరీక్షలు రాయకుండానే ముగ్గురం విమానం ఎక్కాలి. నాకు తోచిందంతా అదే. పని బట్టల్లోనే పరుగెత్తాను. మూడు డబ్బాల ధర, దానిమీద రెండింతల జరిమానా అన్నాడు మేనేజరు. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అంత భయంలోనూ నా నోట వచ్చిన మొదటి మాట, తెరిచింది ఒక్క డబ్బానే కదా, మిగతా రెండూ అమ్ముకోవచ్చు కదా అని.

"అన్నా, గిది అంగడా?" అన్నాడు కరీంనగర్ మనిషి. "బిడ్డ ఇజ్జత్‌కు గూడ బేరమాడ్తవా?"

అప్పటిదాకా తల దించుకున్న కూతురు నావైపు చూసింది. "నాయనా, మనం శుక్రవారం చేసేది ఇదే గదా? ఈడ మాత్రం తప్పెట్లయింది?"

అది ఎదురు మాట కాదు, ఆ పిల్లకు నిజంగానే తెలియదు. నేను మేనేజరు అడిగినంతా కట్టి, కాగితం మీద తండ్రి అన్న చోట సంతకం పెట్టాను. అది నా నేరానికి పెట్టిన సంతకమే అనిపించింది.

ఇంటికొచ్చాక పిల్లను తిట్టబోతే మా ఆవిడ అడ్డుకుంది. "దాన్ని అనేదానికి మీకు నోరెట్లొస్తాది? గురువు మీరే గదా. పోయి ఆ బజారోళ్లకీ కట్టి రాండి."

వెళ్లాను, ముగ్గురం వెళ్లాం. నేను ఎక్కువగా మేసిన ముసలాయన కొట్టు ముందు నిలబడి నాకొచ్చిన ముక్కల అరబిక్‌లో ఒప్పుకోబోతే, సరుకు బాగాలేదని గొడవకొచ్చాననుకుని ఆయన మొహం మాడ్చుకున్నాడు. చివరికి కూతురే బడిలో నేర్చిన అరబిక్‌లో ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలాయన తలగుడ్డ జారేదాకా నవ్వి, పక్క కొట్ల వాళ్లందరినీ కేకేసి పిలిచాడు. తీరా చూస్తే వాళ్లకు మొదటి నుంచీ తెలుసు. ఈ శుక్రవారం ఎవరి కొట్లో జేబు నింపుతానా అని కాఫీ పందేలు కూడా వేసుకునేవారట. అక్కడ మన దేశంవాణ్ణి హిందీ అంటారు కదా, నాకు "మెచ్చుకునే హిందీ" అని పేరు కూడా పెట్టారట.

డబ్బివ్వబోతే మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు అంటూ నా చెయ్యి వెనక్కి తోసి, పళ్లెం కూతురి ముందుకు చాచి, నా చెయ్యి ఇచ్చింది నీది, నీ చెయ్యి తీసేది మాత్రం అడిగి తీసుకో తల్లీ అన్నాడాయన. ఆ మాట నాకు తెలుగులో చెప్తూ పిల్ల ఏడ్చింది, నవ్వింది. ఆ రోజు తొలిసారి ఐదు కిలోల ఖలాస్ రకం ఖర్జూరాలు కొన్నాను. ఆయన తూచి, మీద రెండు గుప్పెళ్లు పోశాడు. దారి పొడవునా మా ఆవిడ నవ్వుతూనే ఉంది.

కూతురు టెన్త్ ఇక్కడే పాసయింది. ఇప్పుడు దమ్మామ్‌లో బడి పంతులమ్మ. నలుగురు కూడిన చోటల్లా ఈ కథ నా ముందే అభినయించి చెప్తుంది, నేను తల వంచుకుని వింటాను, బాగానే ఉంటుంది.

ముసలాయన పోయాడు. ఆయన కొడుకులు ఖర్జూరాలను సీలు వేసిన డబ్బాల్లో, ధర చీటీ అంటించి, ఫోన్ ఆర్డర్ల మీద పంపుతున్నారు. ఈ మధ్య ఒక శుక్రవారం ఆ వరసంతా నెమ్మదిగా నడిచాను. ఏది కావాలన్నా కొనగలిగే డబ్బు జేబులో ఉంది. చివరి కొట్టు దాకా వెళ్లినా, రుచి చూడమని ఒక్కరూ పిలవలేదు.