చింతపండుతో తోమిన అద్దం

ఆ రోజుల్లో మా ఈడు వాళ్లమంతా ప్రపంచాన్ని కాపాడే ఉద్యోగాలు చేసేవాళ్లం. సంవత్సరానికి రెండంకెలే రాసి ఊరుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండువేల సంవత్సరం రాగానే కుప్పకూలతాయని, బ్యాంకులు మూతపడతాయని, విమానాలు రాలిపోతాయని లోకమంతా బెంబేలెత్తుతుంటే, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోబాల్ నేర్చుకున్న నాలాంటి వాళ్లని ఆ విమానాల్లోనే ఎక్కించి దేశదేశాలకీ పంపారు. నేను అడిలైడ్‌లో దిగాను. మేమంత కష్టపడి కాపాడాక జనవరి ఒకటో తారీఖున ప్రపంచానికి ఏమీ కాలేదు గానీ, నా ఉద్యోగానికి మాత్రం నూకలు చెల్లాయి. (మేం బాగా పనిచేసినందుకే ఏమీ కాలేదో, అసలే ఏమీ అయ్యేది కాదో నాకిప్పటికీ తెలియదు. అడిగిన వాళ్లకి మాత్రం మొదటిదే చెబుతాను.)

జూలై వచ్చేసరికి నా పరిస్థితి ఎలా ఉందంటే, నెలాఖరులోగా ఇంకో ఉద్యోగం దొరికితే అడిలైడ్, లేకపోతే తెనాలి. అలాంటప్పుడు నన్ను ఇంట్లో పెట్టుకున్నది డాక్టరంకుల్, ఆంటీ. ఇద్దరిదీ కరీంనగర్ వైపు, ఇక్కడికొచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. కూతురు మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్తోంది, గది ఖాళీగా ఉంది, ఉండు బిడ్డా అన్నారు. అద్దె మాట ఎత్తితే అంకుల్‌కి కోపం వచ్చేది. అందుకని ఆ ఇంటికి ఏదో ఒక ఉపకారం చేసెయ్యాలని నాకు ఒకటే ఆరాటంగా ఉండేది. వంటింట్లోకి మాత్రం ఆంటీ రానిచ్చేది కాదు. నేనొకసారి పప్పు వండాను, ఆవిడ తిన్నది, అంతటితో సరి.

ఆ ఇంట్లో అంకుల్‌కి ప్రాణప్రదమైన వస్తువు హాల్లో ఉన్న కట్టెల పొయ్యి. వంటకి కాదు, చలి కాచుకోవడానికి (అక్కడ జూలై అంటే చలికాలం). ఇనుప పెట్టెలా ఉంటుంది, ముందు పెద్ద అద్దం తలుపు, లోపల మంట నాట్యమాడుతుంటే ఎదురుగా సోఫాలో కూర్చుని చూడాలి. ఇంటికెవరొచ్చినా అంకుల్ ముందు ఆ పొయ్యి చూపించేవాడు, తర్వాతే మంచినీళ్లు. ఆంటీకి అదంటే ఒళ్లు మంట. "గీ పొయ్యి తిప్పలు తప్పినయనుకుని ఇంత దూరమొస్తె, గీయన పొయ్యిని తెచ్చి హాల్ల కూసోవెట్టిండు. మళ్ల దానికి అద్దమొకటి" అనేది.

ఆ నెల మధ్యలో వాళ్లిద్దరూ కూతుర్ని చూడటానికి ఒక వారం మెల్‌బోర్న్ వెళ్లారు. వెళ్తూ వెళ్తూ అంకుల్ నన్ను పొయ్యి ముందు నిలబెట్టి చెప్పాడు. "చూడు బిడ్డా, సాటర్డే మేం వచ్చేస్తం. అదే రోజు మా దోస్తు పెద్ద భాయ్‌ని డిన్నర్‌కి పిలిచిన. గీ ఊర్లనే మాసన్ లేక్స్‌ల ఆయన పనిచేసే కంపెనీల కంప్యూటర్ సెక్షనంత ఆయనదే. నీ సంగతి చెప్పిన. ఆయనకు గీ మంట ముంగట కూసునుడంటె పానం. అద్దం తళతళ ఉండాలె, గంతే." నా భవిష్యత్తంతా ఆ అద్దంలో ఉందన్నమాట. తళతళలాడిస్తానని మాటిచ్చాను.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి చెప్పాలి. మా అమ్మమ్మ వంట కాగానే పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని అలా వదిలేసేది కాదు. గిన్నెడు నీళ్లు చల్లి ఆర్పి, బొగ్గులు ఏరి, కుంపటి కోసం డబ్బాలో దాచేది. నిప్పుని బూడిద కానిచ్చే ఇల్లాలంటే ఆవిడ దృష్టిలో ఇల్లాలే కాదు. నాకు వంట అబ్బలేదు గానీ ఆ బుద్ధి మాత్రం బాగా అబ్బింది. రోజూ పొద్దున లైబ్రరీకి ఉద్యోగాల వేటకి బయల్దేరేముందు చూస్తే, పొయ్యిలో ఎర్రటి నిప్పులు దండగ్గా కాలిపోతుండేవి. నా మనసు ఒప్పేది కాదు. తలుపు తీసి చెంబుడు నీళ్లు చల్లేదాన్ని. చుయ్యిమని ఆవిరి లేచి, బూడిదతో కలిసి ఎగిరి అద్దానికి కొట్టుకునేది. సాయంత్రం ఆ తడి బొగ్గులే కొన్ని వేసి మళ్లీ ముట్టించేదాన్ని. అవి మండేవి కావు, పొగలు చిమ్మేవి. అయిదు రోజుల్లో రెండు షాపింగ్ సంచుల బొగ్గులు కూడబెట్టాను. ఆ సంచుల్ని చూసుకుంటే కలిగిన గర్వం నాకు డిగ్రీ పట్టా చూసుకున్నప్పుడు కూడా కలగలేదు. ఈలోపు అద్దం టీ రంగు నుంచి కాఫీ రంగుకి, అక్కణ్ణించి బడిపలక రంగుకి వచ్చింది. మంట గట్టిగా పెడితే అదే పోతుందిలే అనుకుని శనివారం పొద్దున పొడి కట్టెలేసి బాగా మండించాను, పోలేదు.

శనివారం మధ్యాహ్నం అంకుల్ వచ్చి సూట్‌కేసు కింద పెట్టకుండానే హాల్లో ఆగిపోయాడు.

"గిదేంది బిడ్డా, అద్దమా, పలకనా?"

"కట్టెలు... పచ్చిగా ఉన్నట్టున్నాయి అంకుల్" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు.

"నేననుకుంటనే ఉన్న. గా కట్టెలోడు మోసం చేసిండు. వానికి ఫోన్ చేసి అడుగుత" అని అంకుల్ మండిపడ్డాడు. ఆంటీ ఆయన్ని లాక్కుని కొత్తిమీర, పెరుగు కోసం బజారుకి బయల్దేరింది. నేను తుడిచేస్తానులెండి అని వాళ్లని సాగనంపాను.

అద్దాలు తుడిచే మందు చల్లి తుడిచాను, నలుపు అటునుంచి ఇటు జరిగింది. గిన్నెలు తోమే సబ్బుతో రుద్దాను, నురగ నల్లబడింది గానీ అద్దం తెల్లబడలేదు. అప్పుడు తట్టింది నాకు, మా ఇంట్లో ఇత్తడి బిందెలు దేంతో తోమేవారో. ఆంటీ డబ్బాలో ఉన్న చింతపండంతా తీసి, నానబెట్టి, పిసికి, ఆ గుజ్జు అద్దానికి పట్టించాను. పొద్దుటి వేడి ఇంకా అద్దంలో ఉందని నేను చూసుకోలేదు. అయిదు నిమిషాల్లో హాలంతా చారు వాసన.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. (మనవాళ్లకి అయిదు గంటలకి డిన్నరంటే ఏడింటికి వస్తారని అంకుల్ అయిదన్నాడు. పెద్ద భాయ్ ఆస్ట్రేలియాలో ఉండీ ఉండీ చెడిపోయాడు, అయిదింటికే వచ్చాడు.) తలుపు తీస్తే, నెరిసిన గడ్డం, చేతిలో స్వీట్ల డబ్బా. నా ముఖాన మసి, మోచేతుల దాకా చింతపండు.

"చారు కాస్తున్నరా అమ్మా?" అన్నాడు లోపలికి తొంగిచూసి. "హాల్లనా?"

నేను ఏడుపు ఒక్కటే తక్కువగా పక్కకి జరిగాను. ఆయన అద్దం చూశాడు, నన్ను చూశాడు, కోటు విప్పి సోఫా మీద వేశాడు. "పాత న్యూస్‌పేపర్ ఉందా? తడిపి గట్టిగ పిండు. ఇప్పుడు లోపల బూడిద ఉంది చూడు, మెత్తది, తెల్లది, దాంట్ల అద్దు. ఇగ రుద్దు. వచ్చిన కొత్తల మా నైబర్ నేర్పిచ్చిండు." రుద్దాను. ముందు చింతపండు పోయింది, తర్వాత నలుపు కరిగినట్టు ఊడివచ్చింది. మా ఇంట్లో తరతరాలుగా గిన్నెలన్నీ బూడిదతోనే తోమారు. బూడిద గుట్ట ముందు కూర్చుని నాకు చింతపండు గుర్తొచ్చింది చూడండి!

ఆయన కూడా ఇంకో కాగితం ముక్క అందుకుని పక్కన కూర్చున్నాడు. "నేను దారిల ఉంటె డాక్టర్‌సాబ్ సెల్‌కి ఫోన్ చేసిండు. కట్టెలోడు పచ్చి కట్టెలిచ్చిండంట గద?"

తలూపితే సరిపోయేది. ఉద్యోగం ఇచ్చే మనిషి, నెలాఖరు పది రోజుల్లో ఉంది. కానీ ముఖమ్మీద మసితో, ఆయన్ని నేల మీద కూర్చోబెట్టి అద్దం తుడిపిస్తూ ఇంకో అబద్ధం ఆడటం నావల్ల కాలేదు.

"కట్టెలు మంచివే అంకుల్. నేనే నీళ్లు పోశాను."

మొదలుపెట్టాక ఆగలేదు. అమ్మమ్మ, కుంపటి, ఏ రోజు ఎన్ని నీళ్లు, ఏ రోజు ఏ రంగు, అన్నీ వరసగా చెప్పాను. బొగ్గుల సంచులు కూడా తెచ్చి చూపించాను. ఆయన గడ్డం అదిరేలా నవ్వాడు. "మా నానీ, అదే మా అమ్మమ్మ, ఉంటె నీకు మెడల్ ఇస్తుండె. మరి మొదటి దినమే అద్దం మసకైతె ఎందుకు ఆపలే?"

"బొగ్గులు పోగవుతున్నాయన్న సంతోషంలో అద్దాన్ని పట్టించుకోలేదంకుల్."

ఆయన పొయ్యిలో కట్టెలు పేర్చాడు. మంట ముట్టించి, అది అద్దంలోంచి కనబడే దాకా అక్కడే కూర్చున్నాడు.

భోజనాల దగ్గర అంకుల్ గొంతు సవరించుకుని, "భాయ్, గీ పిల్ల చానా తెలివిగలది..." అని మొదలుపెట్టాడు. పెద్ద భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంటర్వ్యూ అయిపోయింది డాక్టర్‌సాబ్, పొయ్యి ముంగట. మండే నుంచి పంపియ్యి. ఇగ గా కట్టెలోనికి ఫోన్ చెయ్యకు, పాపం." అంకుల్‌కి ఏమీ అర్థం కాలేదు. వంటింట్లోంచి ఆంటీ, "నా చింతపండేది బిడ్డా?" అంది. చెప్పేశాను. ఆ రోజుకి అలవాటైపోయింది మరి.

నన్నెందుకు తీసుకున్నారని చాన్నాళ్ల తర్వాత ఆయన్ని అడిగాను. "ఆర్నెల్లల్ల ఇరవై మందిని ఇంటర్వ్యూల అడిగిన, మీ ప్రోగ్రాంల తప్పెవరు చేసిండ్రని. ఒక్కరు గూడ నేనే అనలే. నువ్వు అన్నవు" అన్నాడు.

ఇప్పుడు నేనూ ఒక సెక్షన్‌కి పెద్దని. మొన్న ఒక సిస్టం రోజంతా పడుకుంటే రిపోర్టు నేనే రాశాను. ఊహించని పరిస్థితుల వల్ల అంతరాయం ఏర్పడింది, తగు చర్యలు తీసుకోబడ్డాయి. అసలు జరిగిందేమిటంటే నేనొక సంతకం చూడకుండా పెట్టాను. రిపోర్టు పంపేశాక, మోచేతుల దాకా చింతపండుతో నిలబడి "నేనే పోశాను" అన్న ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ పిల్ల ఇవాళ వచ్చి ఉద్యోగం అడిగితే తప్పకుండా ఇస్తాను. నేను వెళ్లి అడిగితే ఆ పిల్ల నాకిస్తుందో లేదో మాత్రం అనుమానమే.